ఆన్సెల్మ్ గారి ఆదివారం చావు

ఆదివారం వచ్చిందంటే జెలీ తార్దివాకి పొద్దున్నుంచీ కాలు నిలవదు. సాయంత్రం అట్లు పోయడానికి బంగాళాదుంపలు తురిమి నీళ్ళలో వేసి ఉంచాలి. ఉల్లిపాయల సూపు కాచి, మూతగిన్నెలో పోసి, ఆ గిన్నెని ఉన్నిశాలువలో చుట్టి బుట్టలో పెట్టుకోవాలి. మొగుడి మేజోళ్ళు పొయ్యి పక్కన వెచ్చబెట్టాలి. కళ్ళజోడు తుడుచుకుని, నాటకం రాతప్రతి చంకలో పెట్టుకుని, బొగ్గు మసి పట్టిన ట్రామెక్కి రిబ్బన్ల వీధి థియేటరుకి చేరాలి. రెండున్నరకి ఆట మొదలు. పావుతక్కువ అయిదుకి ఆమె మొగుడు ఆన్సెల్మ్ చచ్చిపోతాడు. అయిదు కొట్టేలోపు లేస్తాడు. లేచిన మనిషికి ఒంట్లో చలి తగ్గాలంటే సూపు వేడిగా ఉండాలి. అందుకే ఆ శాలువ.

చావడమంటే తక్కిన నటులు చచ్చినట్టు కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టడం కాదు. ఆన్సెల్మ్‌కి గుండె ఆగిపోయేది. పెదాలు నల్లబడేవి, వేళ్ళు కొయ్యబారేవి. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. చప్పట్లు చెవిన పడగానే మనిషిలో కదలిక వచ్చేది. తెర దిగి మళ్ళీ లేచేసరికి బట్టలు దులుపుకుని, ముందుకొచ్చి, గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచేవాడు. రిహార్సల్లో మాత్రం ఎప్పుడూ చచ్చేవాడు కాదు. చప్పట్లు కొట్టడానికి అక్కడెవరుంటారు?

రొట్టెల కొట్టు మదామ్ షాపుయి సోమవారం సోమవారం అడిగేది.

"మొస్యూ ఆన్సెల్మ్, నిన్న అటు వెళ్ళినప్పుడు మా ఆయన గానీ కనబడ్డాడా?"

"నేనంత లోపలికి పోను మదామ్. గుమ్మం దగ్గరే నిలబడి వచ్చేస్తాను. లోపలికి వెళ్తే చప్పట్లు వినబడవు."

"అలాగా. ఎప్పుడైనా కనబడితే నేలమాళిగ తాళంచెవి ఎక్కడ తగలేశాడో కనుక్కోండి. పదేళ్ళయింది, వెతకలేక చస్తున్నాను."

ఇక ఆ చప్పట్లు చూసుకునే మనిషి పూజోల్. మా సేంత్-ఎతియెన్ ఊళ్ళో అందరూ అతన్ని చప్పట్ల మేస్త్రి అనేవాళ్ళు. వారమంతా మగ్గం మీద రిబ్బన్లు నేసేవాడు. ఆదివారం నల్లకోటు తొడుక్కుని, నాలుగో వరసలో నడవ పక్క కుర్చీలో కూర్చునేవాడు. ఆ కుర్చీ థియేటరువాళ్ళు అతనికి ఊరికే ఇచ్చారు, దాంతోబాటు విరామంలో ఒక గ్లాసు ఎర్ర వైనూ. పూర్వం అతని కింద ఆరుగురు ఉండేవాళ్ళు. ఒక్కొక్కరే పోయారు. ఆఖరికి మిగిలింది అతనొక్కడు, అతని పలకల్లాంటి రెండు చేతులు.

ఆ చేతులు లేవకుండా మా ఊళ్ళో ఎవడూ చప్పట్లు కొట్టడు. మేయరు గారైనా సరే. పూజోల్ మొదట మూడు కొడతాడు, అప్పుడు కింద కుర్చీలవాళ్ళు అందుకుంటారు, అప్పుడు పైన కోళ్ళగూట్లో కూర్చున్న గని కార్మికులు కాళ్ళతో నేల దద్దరిల్లగొడతారు. కోళ్ళగూడంటే అన్నిటికన్నా పై వరస, కప్పుకి ఆనుకుని ఉండేది. ఒకసారి లియోన్ నుంచి వచ్చిన గొడుగుల వ్యాపారి ఎవరో తొందరపడి ముందే కొట్టాడు. ఎనిమిదివందల తలకాయలు ఒక్కసారి అతనివైపు తిరిగాయి. పాపం, విరామంలో టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

తెర దించేవాడిదీ అదే పద్ధతి. పూజోల్ చప్పుడు వినబడందే అతను చక్రం తిప్పడు. డైరెక్టర్లు ఎంతమంది మారినా ఈ మర్యాద మాత్రం మారలేదు.

జెలీ ఉండేది వీళ్ళిద్దరికీ మధ్యన. ఆమె ప్రాంప్టరు, నటులు మరిచిపోయిన మాట అందించే మనిషి. రంగస్థలం ముందంచున నేలలో ఒక గుంట, దాని మీద చిప్పలాంటి రేకు మూత, ఆ మూత కింద ఆమె తల. ముఖం నటుల వైపు, వీపు జనం వైపు. ఆ గూటికి కిందనుంచి, సెల్లారులోంచి, మెట్లెక్కి రావాలి. ప్రాంప్టరు జనానికి కనబడకూడదు, వినబడకూడదు. ఇది వాళ్ళ నాన్న నేర్పిన మొదటి పాఠం. ఆయన కూడా ప్రాంప్టరే. అదే గూట్లో ముప్ఫై ఏళ్ళు కూర్చుని, నడుం పట్టేస్తే కూతుర్ని కూర్చోబెట్టాడు.

ఆన్సెల్మ్ మొదటిసారి చచ్చింది ఇరవయ్యొకటో ఏట. అప్పటికి పగలు రంగుల కార్ఖానాలో పట్టు అద్దేవాడు, ఆదివారాలు సిపాయి వేషాలు వేసేవాడు. ఆ రోజు మూడో సిపాయి. రెండో అంకంలో బాణం తగిలి పడిపోవాలి. పడ్డాడు. మూడో సిపాయి చచ్చిపోతే చప్పట్లెవరు కొడతారు? కాళ్ళు పట్టుకుని పక్కకి ఈడ్చి గోనెసంచుల మీద పడేశారు. అక్కడ నాన్న కోసం దీపపు వత్తులు కత్తిరిస్తూ కూర్చున్న పంతొమ్మిదేళ్ళ జెలీ, పక్కన పడుకున్న కుర్రాడి చెయ్యి తగిలి ఉలిక్కిపడింది. చెయ్యి మంచు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. గుండె మీద చెవి పెట్టి విన్నది. అవతల హీరోయిన్ ఏదో పెద్ద శోకం ముగించింది, పూజోల్ మూడు కొట్టాడు, హాలంతా అందుకుంది. కుర్రాడు తుమ్మి లేచి కూర్చున్నాడు.

"నా వేషం అయిపోయిందా?" అన్నాడు.

జెలీ లాగి ఒక్కటిచ్చింది. ఆ వేసంకాలంలోనే పెళ్ళి చేసుకున్నారు.

ఆ తర్వాత చచ్చే వేషాలన్నీ ఆన్సెల్మ్‌వే. విషం తాగిన యువరాజు, కత్తిపోటు తిన్న మంత్రి, మునిగిపోయిన పడవవాడు, క్షయ పట్టిన కవి. ఫిర్మినీ నుంచి, రోవాన్ నుంచి రైళ్ళలో వచ్చి చూసేవాళ్ళు. అన్నిటికన్నా ఎక్కువ వచ్చేది మాత్రం గనివాళ్ళు. దిగి మళ్ళీ పైకి రానివాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్న ఊరు మాది. అతను పడిపోగానే కోళ్ళగూట్లో టోపీలన్నీ తీసేవాళ్ళు. అతను లేచేదాకా ఆడవాళ్ళు చేతిరుమాళ్ళు నోట్లో కుక్కుకునేవాళ్ళు. లేచాక వాళ్ళ ముఖాలు చూడాలి! ఇంటికి వెళ్ళే దారి పొడుగునా గలగలా మాట్లాడుకుంటూ పోయేవాళ్ళు.

పేరు పారిస్ దాకా పాకింది. ముప్ఫై నాలుగో ఏట అక్కడి పెద్ద థియేటరు ఒకటి పిలిచింది. ఊరంతా స్టేషనుకొచ్చి సాగనంపింది. పారిస్‌లో మొదటి ఆట. ఆన్సెల్మ్ అద్భుతంగా చేశాడు, అద్భుతంగా చచ్చాడు. పారిస్‌వాళ్ళు వేరే రకం. బాక్సులో కూర్చున్న పత్రికల పెద్దమనిషి ముఖం ఎలా పెడతాడో చూసిగానీ వాళ్ళ చేతులు లేవవు. ఆ పెద్దమనిషి తాపీగా కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, పక్కావిడతో ఏదో అన్నాడు. అప్పుడు కొట్టారు. పదకొండు నిముషాలు. ఆన్సెల్మ్ లేచాడు గానీ ఎడమ చెవికి వినికిడి తిరిగి రాలేదు. ఎడమచేతి చిటికెన వేలూ దాని పక్కదీ ఆ తర్వాత ఎన్నడూ వెచ్చబడలేదు.

జెలీ పూజోల్‌కి టెలిగ్రాము కొట్టింది. మగ్గం ఆపేసి, మూడో తరగతి పెట్టెలో పగలంతా నిలబడి వచ్చాడు మహానుభావుడు. మర్నాటి ఆటలో ముందు వరసలో కూర్చుని, ఆన్సెల్మ్ ఒరిగీ ఒరగ్గానే మొదలుపెట్టాడు. "ష్" అన్నారు జనం. మళ్ళీ కొట్టాడు. ఇద్దరు మనుషులొచ్చి జబ్బలు పట్టుకుని వీధిలోకి నెట్టారు. అక్కడ, మెట్ల మీద వర్షంలో నిలబడి కూడా కొడుతూనే ఉన్నాడట. ఆన్సెల్మ్ ఆ చప్పుడుకే లేచాడు.

ఆ వారమే పెట్టె సర్దుకుని ముగ్గురూ తిరిగొచ్చారు.

"పారిస్‌లో ఉంటే పెద్ద నటుడివి అయ్యేవాడివి" అనేవాళ్ళు ఊళ్ళో కొందరు, జాలిగా.

"అయ్యేవాణ్ణి" అని ఒప్పుకునేవాడు ఆన్సెల్మ్. అతనికి బాధ లేదని ఎవరూ అనుకోవద్దు. పారిస్ ఆట కాగితం ఒకటి మడతపెట్టి బీరువాలో దాచుకున్నాడు, జెలీ చూడనప్పుడు తీసి చదువుకునేవాడు. జెలీకి ఆ సంగతి తెలుసు. మడతల మీద కాగితం చిరిగితే వెనకాల జిగురుపట్టీ అతికించింది ఆమే.

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ ఆట అయ్యాక పూజోల్ వాళ్ళింట్లోనే భోంచేసేవాడు. భార్య పోయింది, పిల్లల్లేరు.

"మేపుతున్నాను గదా అని మురిసిపోకండి" అనేది జెలీ అట్టు తిరగేస్తూ. "మా ఆయన ప్రాణం మీ చేతుల్లో ఉంది, అందుకని మేపుతున్నా."

"కళాకారుణ్ణి మదామ్. నాకు ఎక్కడైనా పెడతారు."

"రెండు చేతులు కలిపి కొట్టడం కూడా కళేనా?"

"మూడో చప్పట ఎప్పుడు పడాలో తెలియడం కళ" అని పూజోల్ ఇంకో అట్టు లాక్కునేవాడు. "మీ ఆయన చావడం ఎవరైనా చేస్తారు. ఊరంతా రోజూ చేస్తూనే ఉంది. లేపడం చూపించమనండి!"

ఆన్సెల్మ్ పడీపడీ నవ్వేవాడు.

ఇలా గడిచిపోతే ఇక చెప్పుకోవడానికేముంది? ఆన్సెల్మ్‌కి అరవై దాటాయి. పూర్వం మూడు చప్పట్లకి లేచే మనిషికి ఇప్పుడు ముప్ఫై కావాలి, తర్వాత నిముషం కావాలి, తర్వాత మూడు నిముషాలు. ఒక ఆదివారం తెర దిగింది, జనం కొట్టీ కొట్టీ అలిసిపోతున్నారు, ఇంకా లేవడు. పూజోల్ కుర్చీ ఎక్కి నిలబడి కొట్టాడు. అప్పుడు లేచాడు. లేచినా మేజోళ్ళు తొడుక్కోవడం మర్చిపోయి, జెలీ వైపు కాసేపు పరాయిమనిషిని చూసినట్టు చూశాడు.

థియేటరు డాక్టరు బ్రెస్ నాడి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"మొస్యూ తార్దివా, గుమ్మం దగ్గరే ఉంటున్నారా, లోపలికి వెళ్తున్నారా?"

"కొంచెం లోపలికే లాగుతోంది డాక్టరుగారూ. అక్కడొక బెంచీ ఉంది. ఈ మధ్య కాళ్ళు లాగుతున్నాయని కూర్చుంటున్నాను."

"కూర్చున్నవాడు లేవడం కష్టం. ఇక చావడం మానెయ్యండి."

ఇంటికి వచ్చాక జెలీ తలుపు వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"విన్నావుగా. రేపట్నుంచి మామగార్ల వేషాలు, వంటవాళ్ళ వేషాలు. ప్రాణంతో ఉండే వేషాలు."

ఏం చేస్తాడు, ఒప్పుకున్నాడు. వసంతంలో ఒక హాస్యనాటకంలో నౌకరు వేషం వేశాడు. పళ్ళెం జారవిడిచాడు, కుర్చీ కింద దూరాడు, తప్పులేకుండా చేశాడు. జనం మాత్రం నవ్వలేదు, ఎదురుచూస్తూ కూర్చున్నారు. మూడో అంకం చివర్లో కోళ్ళగూట్లోంచి ఎవడో అరిచాడు.

"ఇంతకీ ఎప్పుడు చస్తావయ్యా?"

పాపం వాడికేం తెలుసు, అభిమానంతోనే అన్నాడు. ఆన్సెల్మ్ ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా వంటింటి బల్ల ముందు కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళ కాపురంలో అతను మేకప్ లేకుండా ఏడవడం జెలీ ఎప్పుడూ చూడలేదు.

"ఒక్కటి" అన్నాడు. "ఒక్కసారి చావనివ్వు జెలీ. సెలవు పుచ్చుకుంటానని అందరికీ చెప్పి, ఒక మంచి వేషంలో. ఆ తర్వాత నీ ఇష్టం. కుందేళ్ళు పెంచమంటే కుందేళ్ళు పెంచుతాను."

"లేవకపోతే?"

"పూజోల్ ఉన్నాడుగా."

జెలీ మూడు రోజులు తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది. నాలుగో రోజున పూజోల్ ఇంటికి వెళ్ళింది. మూడంతస్తుల పైన, మగ్గం పక్కన, వేణ్ణీళ్ళ బేసిన్లో రెండు చేతులూ ముంచుకుని కూర్చున్నాడు. కణుపులు వాచి ఉన్నాయి.

"ఏమయ్యా, ఈ చేతులతోనేనా నా మొగుణ్ణి లేపేది?"

"చేతుల్ని ఏమీ అనకండి మదామ్. వేషం ఏమిటట?"

"ప్లేగు వైద్యుడు. ఊరందర్నీ బతికించి, ఆఖర్న కుర్చీలో కూర్చుని పోతాడు."

"మంచి చావు" అన్నాడు పూజోల్. "నేను ఆ కుర్చీలో ఉంటాను. మాటిస్తున్నాను. ఈ చేతులు ఊడిపోతే మోచేతులతో కొడతాను."

ఆమె కర్పూరం నూనె తీసి అతని వేళ్ళకి ఒక్కొక్కదానికీ రాసింది. ఆట దాకా ప్రతిరోజూ ఆ మూడంతస్తులూ ఎక్కి వెళ్ళి రాసింది. ఆమె చూసింది చేతులే. సాగనంపడానికి అతను కిందకి దిగి మళ్ళీ ఎక్కేటప్పుడు రెండుసార్లు ఆగి గోడ పట్టుకుంటున్నాడని ఆమెకి తెలియలేదు.

జూన్ రెండో ఆదివారం ఆఖరి ఆట. ఇసుకేస్తే రాలని జనం. సినిమా హాలువాళ్ళు కూడా ఆ పూట తలుపులు మూసి వచ్చారు. తెర వెనక ఒకరినొకరు చూసుకుని "పెంట!" అని దీవించుకుంటున్నారు. థియేటరులో అదే శుభాకాంక్ష, దానికి థాంక్స్ చెబితే కీడు. జెలీ మొగుడి కాలర్ సర్దింది.

"పెంట" అంది.

ఆన్సెల్మ్ ఆమె నుదుటి మీద ముద్దుపెట్టుకుని ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

కర్రతో నేలమీద మూడు దెబ్బలు పడ్డాయి. తెర లేచింది.

ముప్ఫై ఏళ్ళ పైన ఆ గూట్లోంచి జెలీ ఎన్ని వేషాలు చూసింది! ఆ రోజు చూసింది మాత్రం ఎప్పుడూ చూడలేదు. అరవయ్యొక్కేళ్ళ మనిషి ఎక్కడా గొంతు పెంచలేదు. రోగి తల ఎత్తి నీళ్ళు తాగించేటప్పుడు ఆ తాగించడంలోనే అంతా ఉంది. రెండో అంకంలో ఒక మాట మరిచిపోయాడు, జెలీ పెదాలు కదిపింది, అతను అందుకుని ఆమెకి మాత్రమే కనబడేలా కళ్ళతో నవ్వాడు. ఆఖరి అంకంలో తను బతికించిన ఊరి గంటలు మోగుతుంటే కుర్చీలో కూర్చున్నాడు. "కిటికీ తెరిచే ఉంచండి" అన్నాడు. అదే ఆఖరి మాట. తల పక్కకి వాలింది. పావుతక్కువ అయిదు.

జెలీ రాతప్రతి మూసింది. వెనకనుంచి మూడు చప్పట్లు రావాలి.

రాలేదు.

పూజోల్ ఒక్కోసారి కావాలనే ఆపుతాడు, జనాన్ని ఊరిస్తాడు. జెలీకి ఆ ఆటలన్నీ తెలుసు. అయిదు అంకెలు లెక్కపెట్టింది. పది. ఇరవై. మొగుడి ముఖం ఆమెకి రెండు బారల దూరంలో ఉంది. పెదాల మీద నలుపు ఎక్కుతోంది. పక్క తెర సందులోంచి చక్రం పట్టుకున్న మనిషి మెడ సాచి జనంలోకి చూస్తున్నాడు. పైన కోళ్ళగూట్లో ఒక పిల్లి కూత లేదు. ఎనిమిదివందలమంది ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు.

నలభై. యాభై. "కొట్టవయ్యా" అంది జెలీ గుసగుసగా. "కొట్టు, నీకు పుణ్యముంటుంది."

వీపు జనం వైపు. తిరిగి చూడాలంటే ఆ గూట్లో కుదరదు. ఆన్సెల్మ్ చేతివేళ్ళు ఒక్కొక్కటే బిగుసుకుంటున్నాయి. ఇప్పుడు బెంచీ మీద కూర్చుంటున్నాడు, ఆమెకి తెలిసిపోయింది. రెండో నిముషం దాటింది.

జెలీ రేకు మూతని రెండు చేతులా పట్టుకుని విరిచినంత పని చేసింది. మోచేతులు రంగస్థలం మీద ఆనించింది. దొడ్డ మనిషి, పైగా అరవై దగ్గరపడ్డాయి. మోకాలు గీసుకుపోయింది, లంగా కొస మేకుకి పట్టుకుని చిరిగింది. ఎలాగో పైకి పాకి, నేలమీద చతికిలబడి, లేచి, జీవితంలో మొదటిసారి జనం వైపు తిరిగింది.

అంతమంది ముఖాలూ నాలుగో వరస వైపు తిరిగి ఉన్నాయి. ఆమెనెవరూ చూడటం లేదు. అందరూ పూజోల్ కోసం చూస్తున్నారు. పూజోల్ నల్లకోటులో, నడవ పక్క కుర్చీలో, గడ్డం గుండెకి ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. చేతులు రెండూ ఒడిలో, అరచేతులు పైకి. రెండు అరచేతుల మధ్యా జానెడు ఎడం. కొట్టబోయి ఆగినట్టుంది.

పక్కావిడ అతని భుజం తట్టి చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

అప్పుడు జెలీ చప్పట్లు కొట్టింది. ఎలా కొట్టాలో తెలియదు ఆమెకి. అడ్డదిడ్డంగా, రొట్టెపిండి చరిచినట్టు, ఏడుస్తూ కొట్టింది. హాలంతా ఆమెవైపు తిరిగింది. జుట్టు రేగిపోయి, లంగా చిరిగి, రంగస్థలం నడిమధ్య నిలబడ్డ ఈ ముసలావిడ ఎవరో సగంమందికి తెలియదు కూడా.

"చూస్తారేం? కొట్టండి!" అని అరిచింది. "మీకు చేతుల్లేవూ? ఎవరో మొదలుపెడితేగాని కొట్టరా? నలభై ఏళ్ళు మీకోసం చచ్చాడే మనిషి!"

మొదట కోళ్ళగూట్లో ఎవరో కొట్టారు. తర్వాత మదామ్ షాపుయి. తర్వాత ఇక ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. ఒక పద్ధతీ పాడూ లేకుండా, వరసల్లేకుండా, ఎవరికి తోచినట్టు వాళ్ళు కొట్టారు. కప్పునుంచి సున్నం రాలింది. జెలీ మొగుడి దగ్గరికి పరిగెత్తి, మోకాళ్ళ మీద కూర్చుని, అతని చెవి దగ్గరగా, కుడి చెవి దగ్గరగా, కొట్టింది. నాలుగు నిముషాలు పట్టింది. చేతులు ఎర్రగా కందిపోయాయి. అప్పుడు ఆన్సెల్మ్ కనురెప్ప కదిలింది.

కళ్ళు తెరిచి ఆమెని గుర్తుపట్టాడు.

"జెలీ, నువ్విక్కడేం చేస్తున్నావు? జనం చూస్తారు."

"చూడనీ!" అంది జెలీ, అతని గడ్డం రెండు చేతుల్లో పట్టుకుని.

"పూజోల్ అక్కడున్నాడు" అన్నాడు ఆన్సెల్మ్, ఊపిరి చాలక. "గుమ్మం దగ్గర. టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూసి, నువ్వు పదరా, నేను లోపలికి వెళ్తున్నా, నీకు వాళ్ళు కొడుతున్నారు, నాకెవరు కొడతారు అన్నాడు. ఆగమన్నాను. ఒక్క నిముషం ఆగమని ఒట్టు వేయించుకుని వచ్చాను. నన్ను లేవదియ్యి."

ఆమె చంక కింద చెయ్యి వేసి లేపింది. జనం పిచ్చెత్తినట్టు కేకలు పెడుతున్నారు. ఆన్సెల్మ్ ముందంచు దాకా వచ్చాడు. తల వంచలేదు, గుండె మీద చెయ్యి వేసుకోలేదు. చెయ్యెత్తాడు. హాలు సద్దుమణిగింది.

"నాకు చాలు" అన్నాడు. "మా పూజోల్ పోయాడు. అదిగో, మీ మధ్యనే కూర్చుని పోయాడు. నలభై ఏళ్ళు మన అందరికన్నా ముందు కొట్టాడు. వాడికి ఎవరైనా ఎప్పుడైనా కొట్టారా? నేను కొట్టలేదు. సిగ్గుగా ఉంది నాకు."

కొట్టడం మొదలుపెట్టాడు. ఎడమచేతి రెండు వేళ్ళూ వంగవు, అయినా కొట్టాడు. పక్కన జెలీ కొట్టింది. మిగతా నటులు తెర సందుల్లోంచి వచ్చి కొట్టారు. చక్రం వదిలేసి తెర దించేవాడొచ్చి కొట్టాడు. కింద కుర్చీలవాళ్ళు లేచి నిలబడి, నాలుగో వరస వైపు తిరిగి కొట్టారు. మేయరు గారు చేతితొడుగులు విప్పి కొట్టారు. పైన గనివాళ్ళు కాళ్ళతోనూ చేతులతోనూ, బొగ్గులోకి దిగి రాని అన్నలకీ తండ్రులకీ కూడా కలిపి అన్నట్టు కొట్టారు. ఎంతసేపో ఎవరూ చూడలేదు. డాక్టరు బ్రెస్ నడవలో మోకాళ్ళ మీద కూర్చుని పూజోల్ మణికట్టు పట్టుకుని ఉన్నాడు, తల అడ్డంగా ఊపుతున్నాడు. జెలీకి అది కనబడుతూనే ఉంది, అయినా ఆపలేదు.

డాక్టరు తల ఊపడం ఆగింది.

పూజోల్ గడ్డం గుండె మీంచి లేచింది. ఒళ్ళు విరుచుకున్నాడు. చుట్టూ చూశాడు. ముఖం కోపంతో ఎర్రబడింది.

"ఎవరు మొదలుపెట్టింది?" అన్నాడు.

"నేనేనయ్యా!" అంది జెలీ పైనుంచి, నవ్వుతూ ఏడుస్తూ.

"తొందరపడ్డారు మదామ్. ఇంకో రెండు క్షణాలు ఆగాల్సింది."

హాలంతా ఒక్కసారిగా నవ్వి మళ్ళీ కొట్టింది. అప్పుడు గమనించాడు పూజోల్. ఆ చప్పట్లు రంగస్థలం వైపు పోవడం లేదు. అందరూ తనవైపే తిరిగి ఉన్నారు. అలవాటుగా చేతులెత్తాడు తనూ కొడదామని, ఎవరికి కొట్టాలో తెలియక అలాగే ఆపేశాడు. కుర్చీ పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకుని, ఆన్సెల్మ్ వైపు తిరిగి, నడుం విరిగేలా వంగాడు.

"నాకు కాదురా" అన్నాడు ఆన్సెల్మ్. "వెనక్కి తిరుగు. జనం అటున్నారు."

పూజోల్ తిరిగాడు.